ఆఖరి గుంపు దాకా చదివే అల్లుడు

మొన్న కారేపల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నాకు బంతిలో ఆఖరి కుర్చీ దొరికింది. మటన్ బకెట్ మోసుకొస్తున్నాయన ఆ చివర నుంచి మహారాజులా వడ్డించుకుంటూ వచ్చాడు. నా పక్కాయన విస్తరిలో రెండు బొక్కలు వేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి గరిటెతో బకెట్ అడుగు గీకి, ఆ చప్పుడు మాత్రం నాకు వడ్డించి, "ఇప్పుడే తెస్తనే" అంటూ వెళ్లిపోయాడు. పెరుగన్నం అయ్యేదాకా ఆయన కోసం మెడ చాచి చూశాను. ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"కూర రాకపోతే నవ్వుతున్నవేందే?" అన్నాడు పక్కాయన.

అక్క గుర్తొచ్చింది అని ఆయనకేం చెప్తాం?

అక్క ఏ పెళ్లికెళ్లినా కావాలని వెతుక్కుంటూ పోయి ఆఖరి కుర్చీలో కూర్చునేది. ఎవరైనా ముందుకు రమ్మంటే వచ్చేది కాదు. "ముంగట కూసున్నోళ్లకు వంట రుచి తెలుస్తది. ఆఖరికి కూసున్నోళ్లకు వంటాయన బుద్ధి, నియ్యత్ తెలుస్తది" అనేది. ఆమె పక్కన కూర్చున్న పాపానికి నేను తినని లడ్డూలు, చూడని చికెన్ ముక్కలు ఎన్నో.

అక్క పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. తన పేరు కాగితం మీద కనిపిస్తే ముందు అందులో తప్పులు వెతికే మనిషి. తోబుట్టువు కాదు, చుట్టం కాదు. ఖమ్మం ఖానాపురం హవేలిలో మిక్సీలు బాగుచేసే దుకాణం పైన గది కిరాయికి తీసుకుని ప్రోగ్రాములు రాసే ఆఫీసు నడిపేది. ఆఫీసంటే అక్క, నేను, రెండు ముసలి కంప్యూటర్లు. కిటికీ చువ్వకు సొరబుర్ర ఒకటి వేలాడేది. ఎండిన సొరకాయ అది, నీళ్లు అందులోనే పోసుకుని తాగేది. కింద ఫ్రిజ్ ఉన్న ఓనరమ్మ జాలిపడి చల్లటి సీసా పంపితే, ఆ నీళ్లూ సొరబుర్రలో పోసి, "ఇప్పుడు చల్లబడ్డయ్" అనేది.

నేను ఉద్యోగానికి వెళ్లిన రోజు సంగతి చెప్పాలి. అప్పటికి నేను సిమ్ కార్డులు అమ్మాను, జిరాక్స్ షాపులో టైపు కొట్టాను, ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నానని నా అంతట నేనే అనుకుంటున్నాను.

"ఎంతవరకు చదివినవ్?" అని అడిగింది.

"తొమ్మిదక్కా."

"పాసా, ఫెయిలా?"

"తొమ్మిదిల పాస్ ఫెయిల్ ఏముండదక్కా. పరీక్షలకు నేనే లేను."

తల ఎత్తి చూసింది. నవ్వలేదు. "రేపట్నించి రా. అబద్ధం చెప్పుడు గూడ రాదు నీకు" అన్నది. ఆ రోజు నుంచి నా పేరు తొమ్మిదోతరగతి. బయటివాళ్ల ముందు మర్యాదకి "మా తొమ్మిదోతరగతి గారు" అనేది.

కంప్యూటర్లో తప్పొస్తే ఎర్ర అక్షరాలు పడతాయి. నాకు ఎర్రక్షరాలు కనబడితే బళ్లో సారు కనబడ్డట్టే. వెంటనే తెర మీది ఆ కిటికీ మూసేసి టీకి పోయేవాణ్ణి. అక్క అట్లా కాదు. తెర మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీద జరుపుకుంటూ, ఏడ్చే పిల్లను ఊరుకోబెడుతున్నట్టు "ఆఁ, చెప్పు. ఏమైంది? ఇంకా చెప్పు" అంటూ చదివేది. ఆ వేలిముద్రలతో మా తెరలు ఎప్పుడూ పెసరట్టు పెనంలా జిడ్డుగా ఉండేవి.

ములకలపల్లి దాటి అడవిలోకి పోతే అక్క వాళ్లది. ఆ వైపు కోయవాళ్ల చిన్న చిన్న పల్లెలను గుంపులంటారు. పెద్ద ఊరొకటి ఉంటుంది, దాని వెనక, వాగు అవతల, నాలుగైదు గుంపులుంటాయి. ఏ సర్కారు కాగితంలో చూసినా ముందు మండలం, తర్వాత ఊళ్లు, ఆ తర్వాత "మరియు" అని పెట్టి అప్పుడు గుంపులు. "మేము 'మరియు' తర్వాత పుట్టినోళ్లం తమ్మీ" అనేది అక్క. బాధగా కాదు, తన ఇంటి నంబరు చెప్పినట్టు.

మాకు దొరికిన పెద్ద పని కూడా ఆ గుంపుల గురించే. ఎగువ గుట్టల్లో వాన పడితే కింద చుక్క లేకపోయినా వాగు ఒక్కసారిగా వస్తుంది. పొద్దున్నే కూలికి వాగు దాటేవాళ్లకు అది తెలియదు. వాన హెచ్చరిక ఒక ఆఫీసు నుంచి ఫైలుగా వస్తుంది. ఆ ఫైలు చదివి, అందులో ఏ ఊరు పేరుంటే ఆ ఊరికి ఫోన్ చేసి, "వాగు వస్తది, దాటకుర్రి" అని తెలుగులో, కోయలో పలికే ప్రోగ్రాము రాయాలి. పలికే గొంతు అక్కదే. ఒక మధ్యాహ్నం మిక్సీ చప్పుళ్లు ఆపించి రికార్డు చేసింది.

ఫైలు ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో ఉంటుంది. భయపడాల్సిందేం లేదు. ప్రతి సంగతికీ ముందొక చీటీ, వెనకొక చీటీ. "ఊరు మొదలు" అని ఒకటి, పేరు, "ఊరు అయిపోయింది" అని ఇంకొకటి. గిన్నెలో గిన్నె, దానికి మూత, మొత్తానికి మళ్లీ ఒక పెద్ద మూత. ఇవన్నీ విప్పి చదవడానికి ఎవరెవరో ముందే రాసిపెట్టిన కోడు దొరుకుతుంది. దాన్ని లైబ్రరీ అంటారు. బజార్లో బోలెడన్ని ఉన్నాయి. మాకు పనికొచ్చేది ఒకటి ఎంచమని అక్క నాకప్పజెప్పింది. జీవితంలో మొదటిసారి నన్నొకరు లైబ్రరీకి పంపారు.

వారం దాకా నేను పెళ్లిళ్ల పేరయ్యనైపోయాను. అక్క ముందు నిలబడి సంబంధాలు చదివాను.

"మొదటోడు పెద్దింటి అల్లుడక్కా. పేరున్నోడు. కానీ వస్తే ఒక్కడు రాడు, బస్సు నిండా బలగంతోని వస్తడు. ఫైలంతా ఒక్కసారి ఇంట్లకు దించి, చెట్టులెక్క పేర్చుకుంటెగాని మొదటి ముద్ద ముట్టడు. మన కంప్యూటర్ ఆయాసపడుతది. పైగా కోపిష్టి. ఒక్క మూత తక్కువైనా విస్తరి తోసి లేస్తడు."

"రెండోడు?"

"రెండోడు ఇల్లరికం అక్కా. మనం రాసే భాషతోపాటే ఇంట్ల పడున్నడు, కొత్తగ తెచ్చుకునేదేం లేదు. కానీ మొహంల కళ లేదు. ఫైలును మొత్తం చూడడు. ఒక్కో ముక్క చదువుకుంట, చదివింది చెప్పుకుంట, ముందుకు పోతుంటడు. ఎనకటిది అడిగితే గుర్తులేదంటడు."

"మూడోడు?"

"మూడోడే మనోడు!" అన్నాను రొమ్ము విరుచుకుని. "బంగారం. ఏం పెట్టినా తింటడు. మూత లేకున్నా, చీటీ చినిగినా, తప్పు పట్టడు. ఎర్రక్షరమే రాదు. నేను పాడుచేసిన ఫైళ్లు ఎన్ని ఇచ్చిన్నో! అన్నిటికీ అవ్ అవ్ అన్నడు."

అక్క నిన్నటి ఫైలు తెరిచింది. కింది సగం పట్టి, కోడి మెడ తుంచినట్టు తుంచేసింది. మిగిలింది నా బంగారానికి పెట్టింది. తెర మీద పచ్చ గుర్తు పడింది.

"ఏమంటుండు మీ అల్లుడు?"

"అంతా మంచిగనే ఉందంటుండక్కా."

"మా గుంపుందా?"

చూశాను. లేదు. ఫైలు తెగిన చోటికి కిందున్న గుంపు ఒక్కటీ లేదు.

"తెగిందని చెప్పిండా?"

"లేదక్కా. తెగిన కాడ ఆయనే మూత పెట్టుకున్నడు."

"బళ్లె సారు అర్థమైందా అని అడిగితే ఏమనేటోనివి నువ్వు?"

"అవ్ సార్ అనేటోణ్ణి."

"అందుకే నచ్చిండు నీకు. మేనమామ పోలిక."

ఆ దెబ్బకు నవ్వాను గానీ ఊరుకోలేదు. "రోజూ తెగదు గదక్కా" అన్నాను.

"రోజూ తెగదు. వానొచ్చిన్నాడే తెగుతది. కరెంటు పోయేదప్పుడే, నెట్ పోయేదప్పుడే. తెగితే పోయేది తల కాదు తమ్మీ, తోక. తోకకాడ ఎవరుంటరు?"

మూడో అల్లుడి పేరు నేనే కొట్టేశాను. 

"మరి కోపిష్టోణ్ణి పెడదామా? తప్పుంటే చెప్తడు గదా."

"వాడు అలిగితే ఎవ్వరికీ ఫోన్ పోదు. ఆయన కోపానికి అందరు మునగాల్నా? ఇల్లరికపోణ్ణి పిలువు."

తెగిన ఫైలునే కళ లేని అల్లుడి ముందు పెట్టాం. ఒక ఊరు చదివాడు, దానికి ఫోన్ చేయించాడు. ఇంకొకటి చదివాడు, చేయించాడు. తెగిన చోటికి వచ్చి టక్కున ఆగి, ఎర్రక్షరాలతో మొత్తుకున్నాడు. అక్క తెర మీద వేలు పెట్టి, "ఆఁ, చెప్పు" అంది. ఫైలు ఇక్కడిదాకే ఉంది, తర్వాత ఏముందో తనకు తెలియదు అన్నాడు.

"గింతే గావాలె" అంది అక్క. "దొరికిన కాడికి చెప్పిండు. దొరకని కాడ దొరకలేదన్నడు. అల్లుడంటే గిట్లుండాలె."

అతను మొత్తుకున్నప్పుడు కంప్యూటర్ కూత పెట్టేట్టు రాశాం. కూత వినబడితే మిగతా గుంపులకు మేమే ఫోన్ చెయ్యాలి. ఆ నంబర్లు అక్క గోడకు అంటించింది. ఆ వానాకాలమంతా ప్రోగ్రాము బాగా నడిచింది. వాగు వచ్చే ముందు ఫోన్లో అక్క పలికేది, జనం ఆగేవాళ్లు. ఒక్కసారి కూడా ఫైలు తెగలేదు. నా మూడో అల్లుణ్ణి అన్యాయంగా వెళ్లగొట్టామని నేను సణుగుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు తొలకరికి అక్క దవాఖానాలో పడింది. కడుపులో గడ్డ. కోసి తీశారు, కానీ మొత్తం తీయలేకపోయారని వాళ్ల అన్న నాతో మెల్లగా చెప్పాడు. ఆఫీసు నా ఒక్కడి చేతిలోకి వచ్చింది. తొమ్మిదోతరగతి మేనేజరయ్యాడు.

ఒక పొద్దున కింద బండి దగ్గర ఉప్మా తింటున్నాను. ఖమ్మంలో ఎండ కాస్తోంది. వీధిలో కరెంటు పోయింది. ఆ వెంటే పైగదిలో కంప్యూటర్ కూత పెట్టింది. ప్లేటు అక్కడే పెట్టి మెట్లెక్కాను. నెట్ పోయి ఫైలు సగంలో తెగింది. తెగినదాకా ఫోన్లు పోయాయి. బ్యాటరీ డబ్బా ముసలిది కదా, నేను కుర్చీలో కూర్చునేలోపే అది కూడా ప్రాణం విడిచింది. తెర నల్లబడింది. మిగిలింది గోడ మీది నంబర్లు, నా ఫోను, నేను.

ఒక్కొక్కరికీ చేశాను. ఎత్తారు, సరేనన్నారు, పొద్దున్నే పొలం పోయేవాళ్లు ఆ వైపు లేరన్నారు. ఆఖరిది అక్క వాళ్ల గుంపు. అక్కడి ఫోను అక్క వదిన దగ్గర ఉంటుంది. ఆడవాళ్లను పత్తి గింజలు పెట్టడానికి కూలికి తీసుకుపోయే మేస్త్రీ ఆమె.

"వదినా, అక్క ఆఫీసు నుంచి. ఏడున్నరు?"

"వాగు కాడ. దాటుతున్నం. ఆ ఒడ్డుకు ట్రాలీ వచ్చింది."

"దాటకుర్రి వదినా. పైన వాన పడ్డది, వాగొస్తది."

"ఏంది తమ్మీ, పరాచకమా? ఈడ పాదం గూడ మునుగుతలేదు."

"పరాచకం కాదు వదినా, నిజం."

"వాగొచ్చేదుంటే ఫోన్ల మా ఆడబిడ్డ పలుకుతది. పోయినేడంత పలికింది. ఇయ్యాల పలకలే. పలకలేదంటే రాదన్నట్టే గదా?"

  ఫైలు తెగితే చెప్పే అల్లుణ్ణి ఏరి కోరి తెచ్చుకున్నాం. కానీ ఆయన మొత్తుకునేది ఖమ్మంలో, మా గదిలో. అక్కడ వాగొడ్డున వినబడేది ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని వాళ్లు "అంతా మంచిగనే ఉంది" అని చదువుకున్నారు.

అక్క గొంతు వినిపిద్దామంటే కంప్యూటర్ చచ్చింది. దవాఖానాకి ఫోన్ చేసి అక్కను పట్టుకునేలోపు వాళ్లు వాగు మధ్యలో ఉంటారు. ఇంకేం తోచక, అక్క రికార్డులోని కోయ మాటలు నేనే అన్నాను. ప్రోగ్రాము పరీక్షిస్తూ అవి లెక్కలేనన్నిసార్లు విన్నాను. అక్క గొంతులోనే అందామని గొంతు సన్నం చేశాను. బాగా సన్నమైంది.

 అటు నుంచి ఒక్కసారిగా నవ్వు.

"మళ్ల చెప్పు, మళ్ల చెప్పు! అందరికి వినబడేటట్టు పెడుత" అంది వదిన.

మళ్లీ చెప్పాను. ఇరవై మంది ఆడవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతున్నట్టు వినబడింది. ఎవరో నేను అన్నది అన్నట్టే అని చూపించారు, దానికి ఇంకా నవ్వారు. ఇంకోసారి అడిగారు. ఈసారి రాగం తీశాను. పరువుందా, పోతుందా అని చూసుకునే సమయం కాదు, అయినా ఉంటే కదా పోవడానికి. "అబ్బ, కూసోని వింటం ఆగు" అంది ఎవరో. వాళ్లు ఇసకలో కూర్చున్నారని అర్థమైంది. నేను ఆపలేదు. మిక్సీల దుకాణమాయన పైకొచ్చి, కరెంటు లేని గదిలో ఆడగొంతుతో పాట పాడుతున్న నన్ను చూసి, చెప్పులు తొడుక్కోకుండానే కిందికి దిగిపోయాడు.

ఉన్నట్టుండి అటు నవ్వు ఆగింది. దూరంగా లారీ వస్తున్నట్టు మోత. ఎవరో కోయలో గట్టిగా పిలిచారు.

"వచ్చింది తమ్మీ" అంది వదిన, గొంతు మారిపోయి. "అందరం ఈ ఒడ్డునే ఉన్నం."

ఆ సాయంత్రం దవాఖానాకి పోయాను. మెడల్ ఎక్కడ వేస్తారో అన్నట్టు మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాను, పాటతో సహా.

"నవ్వియ్యకురా, కుట్లు పిగులుతయ్" అంటూ అక్క దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "మా వదిన ఏమన్నది? అదొక్కటి మళ్ల చెప్పు" అంది.

"నువ్వు పలకలేదంటే వాగు రాదన్నట్టేనంట."

 తెర లేకపోయినా అక్క చూపుడువేలు దుప్పటి మీద అటూ ఇటూ జరుగుతోంది.

"ఇల్లరికపోని తప్పేం లేదు. తప్పు నాది. వానొచ్చిన్నాడే పలకాల్నని రాసిన. రోజూ పలకాలె. ఏం లేనినాడు గూడ ఫోన్ చేసి, ఇయ్యాల ఏం లేదు, దాటుర్రి అని చెప్పాలె. అప్పుడు పలకని రోజు వాళ్లే ఆగుతరు. ఫైలు తెగినా, కరెంటు పోయినా, నువ్వు పండుకున్నా, మనం చచ్చినా ఆగుతరు."

"పలకకపోతే ఆగాలె" అన్నాను.

"అవ్. నువ్వు పలకకుండ ఉన్న రోజైతే నేనే ఇంట్లకెళ్లి బయటికి రాను."

ఆ కొత్త మాట రికార్డు చేద్దామని ఫోన్ తీశాను. అక్క మొదలుపెట్టింది, దగ్గొచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. గొంతు సగంలోనే పోయింది. సొరబుర్ర దగ్గర లేదని, దవాఖానా గ్లాసులో నీళ్లు చేదని తిట్టి, ఫోన్ నా వైపు తోసింది.

"నువ్వే చెప్పు."

"నా కోయ విని నవ్వుతరక్కా."

"నవ్వనియ్యి. ఆపద చెప్పెటానికి నా గొంతు ఉండనియ్యి. ఏం లేదని చెప్పెటానికి నీదే కరెక్టు. ఏం లేని మనిషివి."

కొత్త మాట ఒక్కొక్క ముక్కగా నేర్పింది. నేనన్నాను, దిద్దింది. మళ్లీ అన్నాను, నెత్తి కొట్టుకుంది. పక్క మంచం ముసలమ్మకు నాకంటే ముందు వచ్చేసింది. నర్సమ్మ వచ్చి ఇదేమన్నా బడా అని కసిరింది. "లేదమ్మా, ఈయన బడికి పోడు" అంది అక్క.

ఆ మర్నాటి నుంచి ప్రతి పొద్దునా అన్ని గుంపులకూ నా గొంతు పోతోంది. నన్ను వెక్కిరిస్తూ పిల్లలు ఆ మాట ఆటగా పాడుకుంటున్నారని వదిన చెప్పింది. తర్వాతి నాలుగు వారాల్లో ఒక్కరోజు మాత్రం ఫోన్లు పోలేదు. ఎవరూ వాగు దాటలేదు. వాన కూడా రాలేదు. కూలి పోయిందని అక్కను, నన్ను కలిపి తిట్టారట. అక్క అది విని, "మంచిగ తిట్టిండ్రు" అని సంబరపడింది.

వానలు తగ్గుముఖం పట్టాక అక్కను గుంపుకు తీసుకుపోయారు. ఒక పొద్దున వదిన ఫోన్ చేసింది. మీ అక్క తెల్లారకముందే పోయిందని చెప్పింది.

ములకలపల్లిలో బస్సు దిగి, ఆటోలో సగం దూరం, తర్వాత నడక. దారి పొడవునా నాకొకటే ఆలోచన. నేను లేవకముందే, రోజూలాగే, కంప్యూటర్ ఫోన్లు చేసి ఉంటుంది. అక్క పోయిన ఇంట్లో కూడా ఫోన్ మోగి ఉంటుంది. నా దిక్కుమాలిన కోయలో, హుషారుగా, ఇవాళ ఏమీ లేదు అని చెప్పి ఉంటుంది.

వాగు దగ్గరికి వచ్చాను. పాదాలు మునిగేటన్ని నీళ్లు. అటు పక్క గుంపుల నుంచి, ఇటు పక్క గుంపుల నుంచి జనం దిగుతున్నారు. చీరలు ఎత్తి పట్టుకున్న ఆడవాళ్లు, చావుకు కొట్టే డోళ్లు భుజాన వేసుకున్న మగవాళ్లు. ఎవరూ తొందరపడడం లేదు. ఒక ముసలాయన ఒడ్డున కర్ర ఊనుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దయ్యా, అక్క వాళ్ల ఇంటికి దారి ఇదేనా?" అని అడిగాను.

ఆయన నా మొహం చూడలేదు. చెవి ఇటు తిప్పాడు. "పొద్దుగాల ఫోన్ల ఏం లేదని చెప్పెటోనివి నువ్వేనా?"

"అవ్ పెద్దయ్యా. నేనే."

 ఆయన నా చెయ్యి పట్టుకుని వాగు దాటించాడు.